గ్రహణం మొర్రి అనే మాట, దాని వెనుక ఉన్న తల్లి

పెదవి చీలి పుట్టిన బిడ్డను మన దగ్గర గ్రహణం మొర్రి అంటారు. కరీంనగర్‌లో అడిగినా, జగిత్యాలలో అడిగినా, నిర్మల్‌లో అడిగినా ఇదే మాట. చిన్న మాటే గాని అందులో ఒక తీర్పు ఉంది. గ్రహణం పట్టిన వేళ కడుపుతో ఉన్న తల్లి బయటికి వచ్చిందనీ, కత్తిపీట ముట్టిందనీ, ఏదో తెంపిందనీ, అందుకే బిడ్డ పెదవి తెగిందనీ ఆ పేరే చెబుతోంది. కాన్పు మంచం మీద ఉన్న కోడలిని అత్త అడిగే మొదటి ప్రశ్న కూడా అదే. "గ్రహణంనాడు ఏం జేసినవే?"

యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది ఇలాంటి ప్రశ్నే. తప్పు ఇతనిదా, ఇతని కన్నవారిదా అని. ప్రభువు రెండూ కాదన్నాడు. ఆ అధ్యాయం మీద మనం ఎన్ని ప్రసంగాలు విన్నామో లెక్కలేదు. అయినా గ్రహణం రోజున గర్భిణిని గదిలో కూర్చోబెట్టి తలుపు వేసే క్రైస్తవ ఇళ్లు మన సంఘాల్లో ఇంకా ఉన్నాయి. ముందు ఆ సంగతి ఒప్పుకుందాం.

వైద్యం చెప్పేది వేరు. కడుపులో బిడ్డ పై పెదవి కలుసుకునేది గర్భం నాలుగవ వారానికీ ఏడవ వారానికీ మధ్య. అంగిలి, అంటే నోటి పైకప్పు, కలుసుకునేది ఆరు నుంచి తొమ్మిది వారాల మధ్య. అప్పటికి చాలామంది తల్లులకు నెల తప్పిన సంగతి కూడా సరిగా తెలిసి ఉండదు. ఐదవ నెలలోనో ఆరవ నెలలోనో వచ్చిన గ్రహణం తెంపడానికి అక్కడ ఏమీ మిగిలి ఉండదు; కలవవలసింది ఎప్పుడో కలిసింది, కలవనిది అప్పటికే ఆగిపోయింది. ఎందుకు ఆగుతుందంటే కారణం ఒక్కటి కాదు. వంశంలో వచ్చే గుణాలు ఉంటాయి, తొలి వారాల్లో పొగాకు ప్రభావం ఉంటుంది, మూర్ఛకు వాడే కొన్ని మందుల ప్రభావం ఉంటుంది. (మూర్ఛ మందులు వాడే స్త్రీలు ఇది చదివి సొంతంగా మందు మానెయ్యకూడదు. గర్భం కోరుకుంటున్నప్పుడే డాక్టరుతో మాట్లాడాలి.) చాలాసార్లు కారణం ఫలానా అని చెప్పడానికి వీలుండదు. ప్రపంచం మొత్తం మీద సుమారు ఏడు వందల కాన్పులకు ఒకటి చొప్పున ఇలాంటి బిడ్డ పుడుతుంది. గ్రహణాలను పట్టించుకోని దేశాల్లో కూడా పుడుతుంది.

ఈ సంపాదకీయం మొర్రి ఒక్కదాని గురించే కాదు. కాలిన ముఖాలు, యాసిడ్ పడిన ముఖాలు, కుష్ఠు వల్ల కనుబొమలు రాలి ముక్కు కుంగిన ముఖాలు, ఎలుగుబంటి గాయపరచిన ముఖాలు, బొల్లి మచ్చల ముఖాలు మన రెండు పాత జిల్లాల్లో ఉన్నాయి. 2016 అక్టోబరులో అవి ఎనిమిదికి పైగా ముక్కలయ్యాయి గాని బాధ ముక్కలు కాలేదు. అయినా మొర్రితో మొదలుపెట్టడానికి కారణం ఉంది. దీనికి వైద్యం ఉంది, ఆ వైద్యం పేదలకు ఉచితంగా దొరుకుతుంది. అలాంటప్పుడు కూడా ఒక బిడ్డ పదేళ్ల వయసులో మూసుకోని అంగిలితో, ముక్కుతో మాట్లాడుతూ బడి మానేసి కనబడితే, ఆ బిడ్డకు అందనిది శస్త్రచికిత్స కాదు. ఇంటికీ ఆస్పత్రికీ మధ్య నడిపించే మనిషి అందలేదు. ఆ నడిపించే పనినే సామాజిక సేవ అంటున్నాం.

ఆ దారి ఎక్కడెక్కడ తెగుతుందో చూద్దాం.

మొదట పాల దగ్గర. పెదవి మాత్రమే చీలిన బిడ్డ చాలావరకు తల్లి రొమ్ము పట్టగలదు. అంగిలి కూడా చీలితే పీల్చలేదు; నోట్లో గాలి నిలవదు, పాలు ముక్కులోంచి వస్తాయి. తల్లి భయపడుతుంది. చుట్టుపక్కలవారు ఇక ఈ బిడ్డ దక్కదంటారు. తాగించడం తగ్గుతుంది, బిడ్డ బక్కచిక్కుతుంది. నిజానికి ఇక్కడ కావలసిన సాధనం మన ఇళ్లలోనే ఉంది: ఉగ్గుగిన్నె. తల్లి పాలు పిండి, బిడ్డను పడుకోబెట్టకుండా నిటారుగా ఒడిలో కూర్చోబెట్టుకుని, ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో కొద్దికొద్దిగా పోయాలి. గాలి ఎక్కువగా మింగుతుంది కాబట్టి మధ్యమధ్య భుజాన వేసుకుని తేన్పు రప్పించాలి. ఒకసారి తాగించడానికి అరగంట పట్టవచ్చు. కొత్త తల్లికి ఓపిక చాలదు, నిద్ర ఉండదు. పక్కింటి సహోదరి రోజుకు ఒకసారి వెళ్లి ఆ గిన్నె పట్టుకుంటే అది ఏ ఉపన్యాసం కంటే కూడా పెద్ద సాయం.

ఇంత చిన్న సంగతిని ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నామంటే, శస్త్రచికిత్స తేదీ బరువును బట్టి ఉంటుంది. పెదవి కుట్టాలంటే సుమారు నాలుగున్నర ఐదు కిలోల బరువు, రక్తంలో పది గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలని సర్జన్లు చూస్తారు. సరిగా తాగని బిడ్డను అంత దూరం తీసుకుపోతే బరువు చాలలేదని తిప్పి పంపుతారు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాదుకు దాదాపు మూడు వందల కిలోమీటర్లు. తండ్రికి రెండు రోజుల కూలి పోయింది, చేతిలో అప్పు మిగిలింది. మళ్లీ రమ్మన్న తేదీకి చాలామంది వెళ్లరు. ఆస్పత్రి రిజిస్టరులో రాలేదు అని ఒక గుర్తు పడుతుంది, అంతే. ఉగ్గుగిన్నె దగ్గర తప్పిన పని రెండేళ్ల తర్వాత మాట దగ్గర బయటపడుతుంది.

పెదవి మూడు నుంచి ఆరు నెలల మధ్య, అంగిలి తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల మధ్య సరిచేయడం సాధారణ పద్ధతి. అంగిలికి ఆ గడువు ఎందుకంటే బిడ్డ మాటలు నేర్చే కాలం అది. అప్పటికి మూయకపోతే క, ప, ట వంటి అక్షరాలు పలకడానికి కావలసిన గాలి ముక్కులోంచి జారిపోతుంది. బిడ్డ వేరే విధంగా పలకడం అలవాటు చేసుకుంటుంది, ఆ అలవాటు తర్వాత ఎంత మంచి శస్త్రచికిత్స చేసినా ఒక పట్టాన పోదు. చెవిలో నీరు చేరి వినికిడి తగ్గే ప్రమాదం కూడా ఈ పిల్లలకు ఎక్కువ. బడిలో మందబుద్ధి అని ముద్ర వేసిన పిల్లవాడికి నిజంగా కావలసింది చెవి పరీక్ష అయి ఉండవచ్చు.

కుటుంబాలకు ఎవరూ సరిగా చెప్పని మరో సంగతి ఉంది. పెదవి కుట్టించుకుని ఇంటికి వచ్చాక అందరూ అయిపోయిందనుకుంటారు. అయిపోలేదు. అంగిలి ఉంది, మాట శిక్షణ ఉంది, చిగురులో చీలిక ఉంటే కోరపన్ను రాకముందు, ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్య, అక్కడ ఎముక పెట్టవలసి ఉంటుంది, పళ్ల వరుస సరిచేయాలి, కొందరికి ఎదుగుదల ఆగాక దవడకు కూడా చేయాలి. పుట్టిన రోజు నుంచి పద్దెనిమిదేళ్ల ప్రయాణం ఇది. అన్నేళ్లు ఒకే కుటుంబం వెంట నిలబడగల వ్యవస్థ మన జిల్లాల్లో ఏముంది? ఆశా కార్యకర్త ఉంటుంది గాని ఆమెకు వంద పనులు. స్వచ్ఛంద సంస్థలు ప్రాజెక్టు ముగిస్తే వెళ్లిపోతాయి. ఆదివారం ఆదివారం ఆ బిడ్డను కళ్లారా చూసేది సంఘమే.

ప్రభుత్వం ఇచ్చేది తక్కువేమీ కాదు, తెలుసుకుంటే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల వరకు పిల్లలను పరీక్షించే బృందాలు అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు వస్తాయి. వారు చూడవలసిన లోపాల్లో మొర్రి ఒకటి. జిల్లా ఆస్పత్రికి అనుబంధంగా ఉండే డీఈఐసీ కేంద్రంలో తదుపరి పరీక్షల గురించి అడగవచ్చు. ఆరోగ్యశ్రీలో మొర్రి శస్త్రచికిత్సలు ఉన్నాయి. స్మైల్ ట్రైన్ అనే అంతర్జాతీయ సంస్థ 2000 సంవత్సరం నుంచి మన దేశంలో భాగస్వామి ఆస్పత్రుల ద్వారా వీటిని ఉచితంగా చేయిస్తోంది. హైదరాబాదులో ఉస్మానియా ఆస్పత్రి ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది, ముఖ నిర్మాణ శస్త్రచికిత్సలకే పేరుపడిన జీఎస్ఆర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంలో ఆడవారికి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. అంటే తల్లికి, తోడు వెళ్లే సహోదరికి దారి ఖర్చు లేదు. మిగిలింది బస మాట, తిండి మాట, ఇంటి దగ్గర ఉన్న పెద్దపిల్లలను చూసే మాట. ఇవి మూడూ సంఘం చేయగలిగినవే.

ఇక కాలిన గాయాలు. ఇక్కడ మాట్లాడటం కష్టం, ఎందుకంటే మన ఊళ్లలో కాలిన ఆడమనిషి ముఖాన్ని చూడగానే జనం ఒక కథ అల్లుతారు. తనే అంటించుకుందనో, ఇంటివారు అంటించారనో. స్టవ్ పేలి కాలినా కథ ఆగదు. ఆమె బజారుకు వెళ్లినప్పుడల్లా ఆ కథ ఆమెకంటే ముందు నడుస్తుంది. అందుకని ఆమె బజారుకు వెళ్లడం మానేస్తుంది, తర్వాత గుడికి రావడం మానేస్తుంది. ఆరోగ్యం బాగాలేదు కాబోలు అని మనం అనుకుంటాం.

వైద్యం సంగతి చెప్పాలంటే, కాలిన వెంటనే ఇరవై నిమిషాలు చల్లటి పారే నీటి కింద పెట్టాలి. పేస్టు, సిరా, పసుపు, నూనె ఏదీ రాయకూడదు. యాసిడ్ అయితే బట్టలు తీసేసి ఇంకా ఎక్కువసేపు నీళ్లు పోస్తూనే ఉండాలి. ఇది సంఘంలో ఆడవారి కూటంలో ఒకసారి చెబితే చాలు. కాని అసలు నష్టం తర్వాత జరుగుతుంది. గాయం మానేటప్పుడు చర్మం ముడుచుకుంటుంది. మెడ కాలినవారికి గడ్డం వచ్చి ఛాతీకి అంటుకుపోతుంది. కింది రెప్ప బయటికి తిరిగిపోతే కన్ను మూతపడదు, ఎండి చూపు పోతుంది. దీన్ని ఆపడానికి నెలల తరబడి బిగుతు బట్ట, పట్టీలు, మెడ వ్యాయామం కావాలి. వేసవిలో రామగుండం ఎండకు బిగుతు బట్ట కట్టుకుని ఉండటం ఎంత నరకమో ఎవరికైనా తెలుసు. పక్కన ఒకరు ఉండి "ఇంకో నెల ఓర్చుకో అక్కా" అనకపోతే మూడో వారం తీసి పడేస్తారు. ఆస్పత్రిలో ఉండే వైద్య సామాజిక కార్యకర్త ఇంటిదాకా రాలేదు. ఆ పనికి పెద్ద చదువు అక్కరలేదు, వారానికి రెండుసార్లు గుమ్మం తొక్కితే చాలు.

2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. నిందితులు ముగ్గురూ కొద్ది రోజులకే ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. ఆ ఎన్‌కౌంటర్ రాష్ట్రంలో అందరికీ గుర్తుంది. గాయపడిన ఆ ఇద్దరిలో ఒకరు ఆస్పత్రిలోనే కన్నుమూశారని, మరొకరు ఎన్నో శస్త్రచికిత్సలు దాటి బతుకు మళ్లీ కట్టుకోవలసి వచ్చిందని ఎంతమందికి గుర్తుంది? శిక్ష గురించి మనకు ఉన్నంత ఆసక్తి కోలుకోవడం గురించి లేదు. క్రైస్తవులమైనా ఆ రోజుల్లో మనమూ చప్పట్లు కొట్టినవాళ్లమే.

అప్పటికంటే ఇప్పుడు చట్టం కొంత ముందుకు వచ్చింది. 2013లో సుప్రీంకోర్టు దుకాణాల్లో యాసిడ్ అమ్మకానికి షరతులు పెట్టి, బాధితులకు కనీసం మూడు లక్షల పరిహారం ఇవ్వాలంది. 2018 నాటి జాతీయ న్యాయసేవాధికార సంస్థ పథకంలో ముఖం దెబ్బతిన్న యాసిడ్ బాధితురాలికి ఏడు నుంచి ఎనిమిది లక్షల వరకు ఉంది. దరఖాస్తు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పెట్టాలి. 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. ప్రభుత్వ ఆస్పత్రైనా ప్రైవేటు ఆస్పత్రైనా యాసిడ్ బాధితులకు ఉచితంగా ప్రథమ చికిత్స చేయకుండా పంపడం నేరం. ఈ ఒక్క సంగతి తెలిసిన పెద్దమనిషి ఆ రాత్రి పక్కన ఉంటే చాలా తేడా వస్తుంది.

అయితే చట్టానికి కూడా అన్ని ముఖాలూ ఒక్కటి కావు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో యాసిడ్ దాడి బాధితులు ఉన్నారు, కుష్ఠు నయమైనవారు ఉన్నారు. స్టవ్ మంటకు ముఖం కాలినవారి పేరు విడిగా లేదు. మెడో చెయ్యో కదలిక తగ్గితే, చూపు తగ్గితే ఆ లెక్కన సదరం శిబిరంలో శాతం వేస్తారు. నలభై దాటితే, తెలంగాణ ప్రభుత్వం 2023లో 4016 రూపాయలకు పెంచిన పింఛనుకు అర్హత వస్తుంది. ముఖం చూసి ఉద్యోగం ఇవ్వకపోతే, పెళ్లి తప్పిపోతే, దానికి శాతం లేదు. బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం కారణం ఏదైనా సరే తీవ్రమైన ముఖ వికారాన్ని వైకల్యంతో సమానంగా కాపాడుతుంది. మన దగ్గర అది ఇంకా రావలసి ఉంది. మన డయోసిస్ సభలు ప్రభుత్వాలకు ఎన్నో తీర్మానాలు పంపుతాయి, ఇది కూడా ఒకటి కావచ్చు.

అడవి ఊళ్ల మాట వేరు. ఎండాకాలం తెల్లవారుజామున ఇప్పపూలు ఏరడానికి, తునికాకు తెంపడానికి వెళ్లినవారికి గుడ్డెలుగు ఎదురవుతుంది. దానికీ ఇప్పపూలే ఇష్టం. భయపడ్డ ఎలుగు లేచి నిలబడి తల మీద, ముఖం మీద కొడుతుంది. అటవీ శాఖ వైద్య ఖర్చు, పరిహారం ఇస్తుంది గాని దానికి రేంజి ఆఫీసులో దరఖాస్తు, ఆస్పత్రి కాగితాలు, పంచనామా కావాలి. చదువురాని గిరిజన కుటుంబానికి ఆ కాగితాలు ఎవరు రాసిపెడతారు? అక్కడ మన సువార్తికులు ఉన్నారు. కలం పట్టగలిగినవారు.

కుష్ఠు గురించి మన సంఘాలకు చెప్పనవసరం లేదనుకుంటాం, ఎందుకంటే ఆ చరిత్రలో మనకు ఘనమైన పేజీ ఉంది. పొరుగున ఉన్న నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో మెథడిస్టు మిషనరీ డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో కుష్ఠు ఆస్పత్రి ఆరంభించారు. దానికి పెద్ద విరాళం ఇచ్చినది రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. ఈ సంగతి మన బడిపిల్లలకు చెప్పాలి. ముఖం చూసి తలుపు వేసిన లోకంలో ఇద్దరు వేర్వేరు విశ్వాసాలవారు కలిసి తలుపు తీశారు. ఆ రోజుల్లో చాల్‌ముగ్ర నూనె ఇంజక్షన్లే మందు. ఈ రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆరు నెలలో పన్నెండు నెలలో ఉచితంగా ఇచ్చే బహుళ ఔషధ చికిత్సతో రోగం పోతుంది, మందు మొదలుపెట్టిన కొద్ది కాలానికే అంటే గుణం పోతుంది. 2005 చివరికి మన దేశం పదివేలకు ఒకటి కంటే తక్కువ రోగుల స్థాయికి చేరినట్టు ప్రకటించుకుంది.

రోగం పోయినా ముఖం మీద గుర్తు ఉంటుంది. రెప్ప మూతపడనప్పుడు, ముఖంలో బలం తగ్గినప్పుడు ఆరు నెలలలోపు డాక్టరు దగ్గరికి వెళితే స్టెరాయిడ్ మందులతో నరం కోలుకునే అవకాశం ఉంది, ఆలస్యమైతే లేదు. "పెద్దరోగం" అని గుసగుసలాడుకుని దాచిపెట్టే ఇళ్లలో ఆ ఆరు నెలలూ దాచిపెట్టడానికే పోతాయి. మరో సంగతి మనం సిగ్గుతో చెప్పుకోవాలి. మన క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో జీవిత భాగస్వామికి కుష్ఠు ఉండటం విడాకులకు ఒక కారణంగా ఉండేది. దాన్ని 2019లో పార్లమెంటు తీసేసింది. తీసేయమని గట్టిగా అడిగినవారిలో మన గొంతు ఎంత వినబడిందో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

ఇప్పుడు గుడిలోకి వద్దాం.

ముఖంలో తేడా ఉన్న సహోదరి మొదటి పాట అయ్యాక వస్తుంది, చివరి బల్ల మీద కూర్చుంటుంది, ఆశీర్వాదానికి ముందే లేచి వెళ్లిపోతుంది. ఆమె భక్తి తక్కువై కాదు. గుమ్మం దగ్గర పలకరింపులను తప్పించుకోవడానికి. "అయ్యో, ఎట్లయిందమ్మా?" అని అడిగే ప్రతి మనిషికీ ఆమె ఆ రోజును మళ్లీ చెప్పాలి. అడిగేవారు ప్రేమతోనే అడుగుతారు. కాని ప్రేమతో అడిగిన నలభైవ మనిషి కూడా నలభైవ మనిషే. ఇంగ్లండులో జేమ్స్ పార్ట్రిడ్జ్ అనే ఆయన పద్దెనిమిదేళ్ల వయసులో కారు మంటల్లో ముఖం కాలి, తర్వాత 1992లో ఛేంజింగ్ ఫేసెస్ అనే సంస్థ పెట్టారు. కొత్తవారు ఎదురైన మొదటి నిమిషాలను ఎలా దాటాలో ముఖంలో తేడా ఉన్నవారికి నేర్పడం, ఎలా దాటనివ్వాలో చుట్టూ ఉన్నవారికి నేర్పడం ఆ సంస్థ పనిలో పెద్ద భాగం. మన భాషలో చెబితే: కళ్లలోకి చూసి వందనం చెప్పు, ఊరిలో వానల గురించి అడుగు, పిల్లల చదువు గురించి అడుగు. గాయం సంగతి ఆమె చెప్పాలనుకున్న రోజు ఆమే చెబుతుంది.

ప్రార్థన సంగతి మరీ జాగ్రత్త. ఒక మనిషిని ముందుకు పిలిచి, చేతులు ముఖం మీద ఉంచి, మైకులో ఆ ముఖం మారాలని ప్రార్థించడం చాలా స్వస్థత కూటాల్లో చూస్తున్నాం. ఆ మనిషి ఇంటికి వెళ్లాక అద్దంలో ఏం చూస్తుందో ఆలోచించినవారు తక్కువ. ముఖం మారలేదు కాబట్టి విశ్వాసం చాలలేదనే భారం అదనంగా మోస్తుంది. ఆమె అడిగితే ప్రార్థించండి. అడగకపోతే ఆమె పొలం కోసం, ఆమె తమ్ముడి దుబాయి వీసా కోసం, అందరి కోసం చేసే మామూలు ప్రార్థనలు చేయండి. ఫోటోల మాట కూడా ఇదే. మునుపు, తరువాత అని రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి కానుకలు అడిగే అలవాటు మన పత్రికలకు, నివేదికలకు బాగా ఉంది. ఆ ఫోటోలోని బిడ్డ పదహారేళ్లకు తన పేరు ఫోన్‌లో వెతికినప్పుడు ఏం కనబడుతుంది? రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి, ఆ అనుమతిని ఎప్పుడైనా వెనక్కు తీసుకోవచ్చని చెప్పాలి.

లేవీయకాండము ఇరవై ఒకటవ అధ్యాయంలో బలిపీఠం దగ్గరికి రాకూడనివారిలో ముక్కిడివాడు ఉన్నాడని చూపించి వాదించేవారు ఉన్నారు. అదే అధ్యాయం అతడు పరిశుద్ధమైన ఆహారం తినవచ్చని కూడా చెబుతుంది. బల్ల నుంచి అతణ్ణి తోసెయ్యలేదు. యెషయా యాభై మూడవ అధ్యాయంలోని సేవకుడేమో చూసినవారు ముఖం తిప్పుకునేటట్టు ఉన్నాడు. ఈ రెండూ కలిపి చదివిన సంఘం ప్రభు భోజనపు వేళ ఎలా ఉంటుందో గమనించండి. కుష్ఠు నయమైన పెద్దాయన మోకరించగానే పక్కవారు కాస్త జరుగుతారు. గిన్నె ఆయన దాకా వచ్చేసరికి ఆయన తర్వాతి వ్యక్తి లేచి వరుస మారతాడు. వైద్యపరంగా దానికి ఏ ఆధారమూ లేదు. బొల్లికి అసలే లేదు, అది అంటుకునే జబ్బే కాదు. అటువంటి చోట సంఘ కాపరి, ఆయన భార్య వెళ్లి ఆ పెద్దాయన పక్కనే మోకరిస్తే ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేదు.

సండే స్కూలులో మొర్రి ఉన్న పిల్లవాడికి క్రిస్మస్ నాటకంలో ఎప్పుడూ గొర్రె వేషమే ఇస్తారు, ముఖం కప్పి ఉంటుందని. మాట స్పష్టంగా రాకపోయినా గొల్లవాడి వేషం ఇచ్చి రెండు మాటలు చెప్పనివ్వండి. నేర్చుకోవడానికి వాడికి నెల పడుతుంది, అది మాట శిక్షణ కూడా అవుతుంది. వాడి అక్కకు పెళ్లి సంబంధాలు తప్పిపోతుంటే, మధ్యవర్తులు "ఆ ఇంట్ల మొర్రి ఉన్నది" అంటుంటే, ఆ మాటకు జవాబు చెప్పవలసినవారు సంఘ పెద్దలు. అంతటి చిన్న ఊళ్లో ఆ పని డాక్టరు చేయలేడు.

ఇదంతా ఒక్కరు చేసేది కాదు. ప్రతి సంఘంలో స్త్రీల మైత్రి నుంచి ఒకరు, యౌవనుల నుంచి ఒకరు, ఇద్దరు చాలు. ఒక నోటు పుస్తకం కావాలి. బిడ్డ పుట్టిన తేదీ, ప్రతి నెలా బరువు, ఆస్పత్రి రమ్మన్న తేదీ, ఎవరు తోడు వెళ్తారు, సదరం కాగితం ఎక్కడి దాకా వచ్చింది, కాలినవారి మెడ వ్యాయామం ఏ వారం మానేశారు, ఇవే అందులో ఉండాలి. బీరువాలో తాళం వేసి ఉంచాలి, కమిటీలో చదివి వినిపించే పుస్తకం కాదు అది. మొర్రితో పుట్టిన బిడ్డకు ఆ పుస్తకం పద్దెనిమిదేళ్లు నడుస్తుంది. ఆ పద్దెనిమిదేళ్లలో ఆ గుడికి నలుగురైదుగురు పాదిరిగార్లు మారతారు. బదిలీపై వెళ్లేవారు బాప్తిస్మపు రిజిస్టరుతో పాటు దాన్ని కూడా వచ్చేవారి చేతికి ఇచ్చి వెళ్లాలి.